వెనక గదిలో సువార్త

ఆరాధనకి ఇరవై ఏడేళ్లు. చీరాలకీ పర్చూరుకీ మధ్యనున్న ఊళ్లో, చర్చిని ఆనుకుని ఉన్న ప్రాథమిక పాఠశాలలో టీచరు. భర్త బెన్నీ ఆర్టీసీ చీరాల డిపోలో కండక్టరు. ఒకసారి కడుపు పోయాక మళ్లీ పిల్లల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఆమెకి నెల మధ్యలో రక్తం కనపడటం మొదలైంది. గుంటూరులో డాక్టర్ నసీమున్నీసా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సర్ అని తేలింది. చిన్నదే, తొలిదశలోనే దొరికింది. గర్భసంచి మొత్తం తీసేయడమే మామూలుగా అందరికీ చేసే వైద్యమని డాక్టరు చెప్పింది. చెప్పాక ఆరాధన మొహం చూసి, చెన్నైలో ఒక డాక్టరమ్మ ఈ మధ్య ఇంకో ఆపరేషన్ చేస్తోందని కూడా చెప్పింది. అందులో జబ్బు పట్టిన ముఖద్వారాన్ని తీసేసి గర్భసంచిని మిగులుస్తారు. ఆరాధన అదే కావాలంది. బెన్నీ "నీ ఇష్టం" అన్నాడు. అత్త వీరమ్మ మాత్రం ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది.

తెల్లవారితే చెన్నై బండి ఎక్కాలి.

బడి నుంచి ఆరాధన ఇంటికొచ్చేసరికి వాకిలంతా మిరపఘాటు. వీధికి అవతల కళ్లంలో ఆడవాళ్లు కాయలు తిరగేస్తున్నారు. గాలి ఇటే కొడుతోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి నడిచి, వెనక గది గుమ్మంలో ఆగిపోయింది. పొద్దున సర్దిన బ్యాగు బోర్లా పడి ఉంది. చీరలు, తువ్వాళ్లు, బైబిలు, అన్నీ మంచం మీద కుప్పగా ఉన్నాయి. నేలంతా తడి. వీరమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, చేతిలోని గుడ్డని బకెట్లో పిండుతోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"కడుగుతున్నా."

"పొద్దున్నేగా కడిగారు."

"పోలా. వాసన పోలా ఇంకా."

గదిలో ఫినాయిలు వాసన తప్ప ఇంకేమీ లేదు. గుంటూరు నుంచి ఆ కబురు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. వీరమ్మ ఆ గదిని కడుగుతూనే ఉంది. గోడ అవతల ఎవరో మూలుగుతున్నారని చెవి ఒగ్గి వినేది. మొన్న సాయంత్రం ఆరాధన మంచం అంచున కూర్చుని తల దువ్వుకుంటుంటే గుమ్మం దగ్గర గ్లాసు కింద పడిన చప్పుడైంది. తలెత్తి చూస్తే వీరమ్మ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "సువార్తా" అని పిలిచింది. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఆరాధన తడి నేల మీదే ఆమెకి ఎదురుగా కూర్చుంది.

"సువార్త ఎవరత్తయ్యా?"

వీరమ్మ గుడ్డ పిండటం ఆపింది.

"నా చెల్లెలు. ఈ గదిలోనే పోయింది. నువ్వు పడుకునే ఆ మంచం మీదే."

ఆరాధన మంచం వైపు చూడబోయి మానుకుంది.

"దానికీ ఇదే జబ్బు," అంది వీరమ్మ. "అప్పుడు పేరు తెలియదు. మిషన్ ఆసుపత్రిలో దొరసాని డాక్టరు కడుపుకింద పుండు అని చెప్పింది. వేలూరు తీసుకుపోండి, పుండు మాడిపోవడానికి వెంటనే కరెంటు పెట్టించాలి అంది. ఇది పోనంది."

"ఎందుకు?"

"నీకు మల్లేనే. బిడ్డ కావాలంది."

కళ్లంలో ఎవరో గట్టిగా తుమ్మారు. ఆ వెంటే నవ్వులు. ఆ నవ్వులు సద్దుమణిగాక వీరమ్మ అందుకుంది.

"అప్పటికే దానికి అయిదో నెల. వైద్యం చేస్తే కడుపు దక్కదన్నారు. కాన్పు అయ్యాక చేయించుకుంటానంది. మేం చెప్పని మాట లేదు. మీ మామగారు దాని కాళ్లు పట్టుకున్నంత పనిచేశాడు. వినలా. కాన్పయ్యేసరికి ఇంక చెయ్యడానికి ఏమీ లేదన్నారు. ఈ గదిలో పెట్టుకున్నాం. వాసనకి ఇరుగుపొరుగు రావడం మానేశారు. నేను పగలంతా కళ్లంలో తొడిమలు తీసేదాన్ని. చేతులు నిప్పులు. ఇంటికొచ్చి మజ్జిగతో ఎంత రుద్దుకున్నా మంట పోయేది కాదు. ఆ చేతులతో బిడ్డని ముట్టుకుంటే వాడు కెవ్వుమనేవాడు. దాన్ని ముట్టుకుంటే అది కెవ్వుమనేది. అటు వాడు, ఇటు ఇది. మధ్యలో నేను చేతులు పైకి పెట్టుకుని నిలబడేదాన్ని."

"బిడ్డ బతికాడా?"

వీరమ్మ కోడలి కళ్లలోకి చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి సూటిగా చూసింది.

"నీ మొగుడే."

ఆరాధనకి ఆ మాట వెంటనే అందలేదు.

"బెన్నీనా?"

"నా కడుపున ఎవరూ పుట్టలేదమ్మాయ్. వాళ్ల నాన్న ఆదాం మూణ్ణెల్లు తిరక్కుండా ఇంకో పెళ్లి చేసుకుని పోయాడు. మేమే పెంచుకున్నాం. వాడికి తెలియదు. ఊళ్లో తెలిసినోళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్లూ చెప్పరు. నువ్వు చెప్పకు."

"మరి నాకెందుకు చెప్పారు?"

"అది మళ్లీ వచ్చింది గనక!" వీరమ్మ గొంతు ఒక్కసారి లేచింది. "నువ్వు మా రక్తం కాదు. యాడో వినుకొండలో పుట్టినదానివి. నీకెట్టా వస్తది ఆ జబ్బు? ఈ గదిని పట్టుకునుంది అది. ఈ మంచాన్ని పట్టుకునుంది. సువార్త పోయేటప్పుడు వాడు నా చేతుల్లో ఉన్నాడు. వాణ్ణి ఇయ్యమని చెయ్యి చాపింది. నేను ఇచ్చేలోపే చెయ్యి వాలిపోయింది. ఆ చెయ్యి ఇంకా చాపే ఉంది, అమ్మాయ్. నాకు కనిపిస్తంది."

ఆరాధన ముందుకు జరిగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ల చివర్లు మొద్దుబారి, పగిలి, రాళ్లలా ఉన్నాయి.

"గది వల్ల రాదత్తయ్యా. రక్తం వల్ల కూడా కాదు. అదొక వైరస్ వల్ల వస్తుందని డాక్టరుగారు చెప్పారు. చాలామంది ఆడవాళ్లకి సోకుతుంది, పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోయి ఏళ్ల మీద ఇలా మారుతుంది. సువార్తత్తకి వచ్చిందీ, నాకు వచ్చిందీ ఒకదాని నుంచి ఒకటి రాలేదు."

"ఏదైతేనేం. అది తీయించుకోలా, పోయింది. నువ్వు మొత్తం తీయించుకో, బతుకు. పిల్లల్లేకపోతే ఏం? నాకు పుట్టారా? నేను బతకలా?"

"నేను తీయించుకోనని అనడంలేదు. ఆమె ఆగింది. నేను ఆగడంలేదు." ఆరాధన బడిలో పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పడానికి ప్రయత్నించింది. "జబ్బు ఉన్న చోటే తీసేస్తారు. కాయకి తొడిమ దగ్గర పుచ్చు పట్టిందనుకోండి. తొడిమతోపాటు దాని చుట్టూ కాస్త కండ కూడా తీసేసి, కాయని ఉంచుతారు."

"తొడిమ దగ్గర పుచ్చిన కాయని మేం ఉంచం," అంది వీరమ్మ. "తాలుకాయల్లో పారేస్తాం."

మాట అనేశాక తనే ఉలిక్కిపడింది. ఆరాధన పట్టుకున్న చేతుల్ని వదిలేసింది.

"నేను కాయని కాదత్తయ్యా."

నేల మీద తడి ఆరుతోంది. మళ్లీ ఆరాధనే మాట్లాడింది. ఈసారి ఆమె గొంతులో టీచరు లేదు.

"నాకూ భయమే. ముందు లోపల పక్కనున్న గ్రంథుల్ని తీసి, నేను బల్ల మీద ఉండగానే పరీక్ష చేస్తారు. వాటిల్లోకి పాకి ఉంటే ఈ ఆపరేషన్ కుదరదు, గర్భసంచిని వదులుకుని పూర్తి వైద్యం చేయించుకోవాల్సిందే. దానికి ఒప్పుకున్నాను. పాకకపోతే ముఖద్వారం తీసి, గర్భసంచి అడుగున కుట్టు వేస్తారు. రేపు కడుపొచ్చినా నిలుస్తుందని నమ్మకం లేదు. నెలలు నిండకుండానే పుట్టొచ్చు. కోసే తీయాలి. ఏళ్ల తరబడి పరీక్షలకి తిరగాలి. ఇవన్నీ నసీమున్నీసా గారు నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పారు. బిడ్డ పుడుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. తలుపు మూసేయకుండా ఉంచుతామన్నారు, అంతే. ఆ తలుపు నాకు కావాలి."

వీరమ్మ లేచింది. బకెట్టు తీసుకుని గుమ్మం దాటబోతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"అది కూడా ఇంతే చక్కగా చెప్పింది."

పొద్దు వాలుతుండగా ఆరాధన ఒక్కతే ఆ గదిలో కూర్చుని బ్యాగు మళ్లీ సర్దింది. చీర మడతపెడుతుంటే చూపు పైకి పోయింది. దూలానికి తుప్పుపట్టిన ఇనుప కొక్కెం ఉంది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. అది దేనికోసమో ఎప్పుడూ ఆలోచించలేదు. ఉయ్యాల కోసం. ఈ మంచం మీద పడుకుంటే ఉయ్యాల సరిగ్గా ఎదురుగా, చెయ్యి చాపితే ఒక్క జానెడు దూరంలో ఊగి ఉండాలి. ఆరాధనకి దయ్యాల మీద నమ్మకం లేదు. ఆదివారం బడిలో పిల్లలకి అలాంటివి నమ్మొద్దని చెబుతుంది. అయినా ఆ మంచం అంచు నుంచి లేచి, గోడవారగా నిలబడి మిగతా బట్టలు మడతపెట్టింది. ఒకసారి మాత్రం, తనకే వినపడనంత మెల్లగా, "ఏమనుకోకండి" అంది. ఎవరితో అందో ఆమెకే తెలియలేదు.

డ్యూటీ దిగి వచ్చిన బెన్నీ అన్నం తింటుంటే అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆ పెద్ద కళ్లు, కొస తేలిన ముక్కు వీరమ్మవి కావు. ఎప్పుడో పోయిన మనిషి ఆ కంచం ముందు కూర్చుని పప్పు కలుపుకుంటున్నట్టే అనిపించింది. అతను తలెత్తి, "ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు. ఏం లేదంది. అతను కూడా ఇంకేదో అనబోయి, నీళ్లు తాగి లేచిపోయాడు.

పొద్దున్నే చీరాల స్టేషన్‌లో నేత చీరల మూటలు ప్లాట్‌ఫాం నిండా పేర్చి ఉన్నాయి. వీరమ్మ పిలవకుండానే ఆటో ఎక్కి వచ్చింది. ఇప్పుడు వాళ్లిద్దరికీ కాస్త దూరంగా, పంపు దగ్గర నిలబడి ఉంది.

బండి వస్తోందని మైకులో చెప్పారు. ఆరాధన బ్యాగు ఎత్తుకోబోతే బెన్నీ దాని పట్టీ మీద చెయ్యి వేశాడు.

"మనం చెన్నై వెళ్లడంలేదు."

"అంటే?"

"గుంటూరులో చేయించుకుందాం. మొత్తం తీసేయించుకుందాం. చెన్నైకి నిన్ననే ఫోన్ చేసి రావడంలేదని చెప్పేశా."

ఆరాధన అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు.

"నా ఇష్టం అన్నారుగా?"

"అన్నాను. ఇంట్లో చెప్పలేకపోయాను. ఇక్కడిదాకా వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నా..."

"నా ఒంటి గురించి నాకు చెప్పకుండా ఫోన్ చేశారా? నన్ను అడక్కుండా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"అందుకని అడగలేదా?"

చుట్టూ జనం చూస్తున్నారు. బెన్నీ గొంతు తగ్గించాడు.

"నీకు తెలియని సంగతి ఒకటుంది ఆరాధనా. నేను మా అమ్మ కొడుకుని కాదు. నన్ను కన్న మనిషి నా కోసం వైద్యం మానుకుని చచ్చిపోయింది. ఆదాం అని ఒకాయన చిలకలూరిపేట సర్వీసులో నా బస్సెక్కాడు. టిక్కెట్టుకి డబ్బులడిగితే ఇవ్వడు, టిక్కెట్టిస్తే తీసుకోడు, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు చెప్పాడు, నేను నీ తండ్రిని అని. మన పెళ్లికి ముందు సంగతిది. అప్పట్నుంచీ ఎవరైనా కడుపుతో ఉన్న మనిషి బస్సెక్కితే మొహం తిప్పుకుంటాను. పుట్టి ఒకదాన్ని పొట్టనబెట్టుకున్నోణ్ణి. ఇంకొకదాన్ని పోగొట్టుకోలేను."

వెనక ఏదో కదిలింది. వీరమ్మ పంపు దగ్గర నుంచి వచ్చి వాళ్ల పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"తెలుసా నీకు?" అంది.

బెన్నీ తలదించుకున్నాడు. "తెలుసమ్మా."

"ఇన్నేళ్లూ తెలిసి కూడా అమ్మా అన్నావా?"

"ఇంకేమంటాను?"

వీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసింది. ఇనుప చక్రాల రొదలో ఆమె అరిచినట్టుగా మాట్లాడాల్సి వచ్చింది.

"అయితే ఇదీ తెలుసుకో. మీ అమ్మని అడిగార్రా! ఆ దొరసాని మమ్మల్నందర్నీ బయటికి పంపి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం కావాలి సువార్తా అని అడిగింది. అది చెప్పింది తప్పో ఒప్పో నాకు ఈరోజుకీ తెలియదు. నాకు దాని మీద ఇంకా కోపమే. కానీ దాని నోటితో అది చెప్పింది. ఆ రోజుల్లోనే, అక్షరం రాని కూలిదాన్ని అడిగారు. పదిమందికి చదువు చెప్పేదాన్ని నువ్వు అడగలా?"

"అమ్మా, నువ్వే కదా వద్దన్నావు! మొత్తం తీయించమని నువ్వే కదా..."

"వద్దన్నా. ఇప్పుడూ వద్దనే అంటన్నా. దాని మొహమ్మీదే అన్నా. దాని వెనకమాల ఫోన్లు చెయ్యలా."

ఆమె బెన్నీ చేతి కింద నుంచి బ్యాగు లాక్కుంది. జనరల్ పెట్టె దగ్గర జనం తోసుకుంటున్నారు. వీరమ్మ మోచేతులతో దారి చేసుకుంటూ మెట్టెక్కి, వెనక్కి తిరిగి కోడలికి చెయ్యి చాపింది.

"రా అమ్మాయ్. వాడి టిక్కెట్టు నేను వాడుకుంటా."

ఒంటి మీద చీర తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు. కాళ్లకి ఇంట్లో తొడుక్కునే హవాయి చెప్పులు. ఆరాధన ఆ చేతిని చూసింది. పగిలిన వేళ్లు, ఇంకా పోని ఫినాయిలు వాసన. ఆ చెయ్యి అందుకుని ఎక్కింది.

కిటికీ పక్కన చోటు దొరికింది. బెన్నీ ప్లాట్‌ఫాం మీద ఆ కిటికీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బండి కదిలింది. అతను దాంతోపాటు నాలుగడుగులు నడిచి, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, చువ్వల మధ్యలోంచి లోపలికి పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే.

"దీన్నైనా దగ్గర పెట్టుకో," అన్నాడు.

ఆరాధన తీసుకుంది. తీసుకునేటప్పుడు అతని వేళ్లు దాన్ని వెంటనే వదల్లేదు. బండి వేగం అందుకున్నాక వదిలాయి.

చీరాల దాటాక వీరమ్మ తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, చెల్లెలితో పోట్లాడుతోందో తెలియలేదు. వాళ్లిద్దరి మధ్యా ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. అంత రద్దీలో ఎవరూ అక్కడ కూర్చోలేదు.

ఆరాధన ఒళ్లో ఫోన్ మోగింది. చెన్నై నంబరు. రామని బెన్నీ చెప్పేశాడు కాబట్టి, వస్తున్నామని తనే చెప్పాలి. బతిమాలైనా చెప్పాలి. గొంతు సవరించుకుని ఎత్తింది.

"బెన్నీగారా?" ఆడగొంతు. తెలుగులో తమిళం యాస. "నేను డాక్టరుని మాట్లాడుతున్నాను."

"నేను ఆరాధనని, డాక్టరుగారూ. మేం వస్తున్నాం. బండిలో ఉన్నాం. నిన్న ఆయన రావడంలేదని చెప్పారట, అది..."

"వస్తున్నారా?" అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "మంచిది. వచ్చి మాట్లాడటం మంచిది. అయితే అమ్మా, గుంటూరు నుంచి పంపిన మీ స్కాన్ నేను నిన్న చూశాను. చూసి మీ భర్తకి ఫోన్ చేసింది నేనే. ఆయన నాకు చేయలేదు. గర్భసంచిని ఉంచడం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాను. మీకు తనే చెబుతానన్నారు."

బండి ఏదో వాగు మీది వంతెన ఎక్కింది. ఆ మోతలో ఆరాధన ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుంది.

"ఏం విషయం డాక్టరుగారూ?"

"ఆయన మీకు చెప్పలేదా?"